ఒంటిగంట తరవాత

ఆ సాయంత్రం అంగన్‌వాడీ అరుగు మీద ఉన్నవాళ్ళు వీళ్ళు: ఊడ్పుల ముఠా ఆడవాళ్ళు పద్నాలుగు మంది, అందులో మా అక్క ఒకతె. వాళ్ళ పిల్లల్లో ఇంకా బడి ఈడు రానివాళ్ళు తొమ్మిది మంది, అందులో మా అక్క కూతురు ఒకతె. ఆ కేంద్రంలో ఆయాగా పనిచేసే మా అమ్మ. కాకినాడ పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చదువుతూ సెలవులకి ఇంటికొచ్చిన నేను. ఉన్న వస్తువులు: దూలానికి వేలాడుతున్న పిల్లల తూకం, గోధుమ రవ్వ బస్తా, ఖాళీ నూనె డబ్బాలు రెండు, గోడకి అచ్చుల చార్టు, మూతలేని మంచినీళ్ళ బిందె, అంచులు చిరిగిన ప్లాస్టిక్ చాప. అరుగు దిగితే పుంత రోడ్డు. అది దాటితే కాలువ గట్టు. కాలువలకి నీళ్ళు వదిలి అప్పటికి నెల కాలేదు.

తొంభైలు ముగుస్తున్న రోజులవి. మాది కోనసీమలో కాలువ పక్క ఊరు. నాలుగు రోజుల్లో సార్వా వరి ఊడ్పులు మొదలవుతాయి. అంతమంది ఒకచోట కూర్చుని తేల్చుకోవాల్సిన సంగతి ఒక్కటే. ఒంటిగంట తరవాత పిల్లల్ని ఎవరు చూస్తారు?

కేంద్రం తొమ్మిదిన్నరకి తెరిచేవారు, అప్పటిదాకా పిల్లలు మా అమ్మ కళ్ళముందే ఉండేవాళ్ళు. టీచరు గారు పక్క ఊరి నుంచి బస్సులో వచ్చి ఆటలాడించి, పాటలు చెప్పి, నెలకోసారి బరువు చూసేవారు. మా అమ్మ గోధుమ రవ్వ ఉప్మా వండి పెట్టేది. ఒంటిగంటకి టీచరు గారి బస్సు. ఆ బస్సుతో కేంద్రం అయిపోయినట్టే, మా అమ్మ వేరే ఇళ్ళల్లో పనికి వెళ్ళిపోయేది. కలుపుల కాలంలో ఆడవాళ్ళు మధ్యాహ్నానికి ఇళ్ళకి వచ్చేస్తారు కాబట్టి ఎలాగో గడిచిపోయేది. ఊడ్పులప్పుడు అలా కుదరదు. తెల్లారకుండా ట్రాక్టరు ఎక్కితే మళ్ళీ దిగేది పొద్దుగూకాకే. ఆకుమడిలో నారు ముదిరిపోతుంది, తీసిన కట్టలు వడిలిపోతాయి, అన్ని చేలకీ ఒకేసారి మనుషులు కావాలి.

కేంద్రం లేని రోజుల్లో మా పేటలో రెండు పద్ధతులుండేవి. ఒకటి, పాత చీర చింపి పేలికని పిల్ల నడుముకి ముడేసి రెండో కొస ఇంటి గుంజకి కట్టి వెళ్ళడం. రెండోది, ఎనిమిదేళ్ళు వచ్చిన ఆడపిల్లని బడి మాన్పించి చంటిపిల్లని దాని చంకకెత్తడం. మా ఇంట్లో రెండోదే జరిగింది. మా అక్క మూడో తరగతిలో బడి మానేసింది. చంకకెక్కినవాణ్ణి నేను. నాకు డిప్లొమా సీటు వచ్చేనాటికి ఆవిడ ఊడ్పుల్లో మా చుట్టుపక్కల నాలుగు ఊళ్ళకి తెలిసిన చెయ్యి అయింది.

అంతకు ముందు వారం సూపర్‌వైజరు మేడమ్ కేంద్రం చూడ్డానికి వచ్చినప్పుడు ముఠా పెద్ద అడిగింది. నల్లగా, పొడుగ్గా ఉండే మనిషి. గట్టు మీద నిలబడి కేకేస్తే మూడు చేల అవతలికి వినపడేది.

"మేడమ్ గారండీ, ఊడ్పులయ్యేదాకా అయిదింటి వరకూ తెరిచి ఉంచండి. తిండి పెట్టకపోయినా పర్లేదండి, కూచోబెట్టండి చాలు."

"ఇది పిల్లల్ని దాచిపెట్టే చోటు కాదమ్మా. టైము నేను పెట్టింది కాదు, పైనుంచి వచ్చింది."

"పైవాళ్ళ పిల్లలు ఒంటిగంటకి పెద్దోళ్ళయిపోతారేంటండీ?"

అందరూ నవ్వారు. మేడమ్ గారు కూడా నవ్వారు. నవ్వి, సంతకం పెట్టి, టీచరు గారితో పాటు ఒంటిగంట బస్సెక్కారు.

అందుకని ఈ సమావేశం. ముఠా పెద్దే మొదలుపెట్టింది. "మనలో ఒకళ్ళం ఉండిపోదాం. వాటా మాత్రం పద్నాలుగే. ఇక్కడ కూచున్నదానికీ ఊడ్చినట్టే లెక్క."

మా ముఠాలు పని గుత్తకి తీసుకుంటాయి. ఎకరానికి ఇంత అని రైతుతో మాట్లాడుకుని, వచ్చింది తలా ఒక సమానం పంచుకుంటారు. ఒకళ్ళు చేలోకి దిగకుండా వాటా తీసుకోవడమంటే మిగతా పదమూడు మందీ తమ రెక్కల్లోంచి తీసి ఇచ్చినట్టు. సర్కారు ఒంటిగంటకి ఆపేసిన పనిని వీళ్ళు తమ కూలితో సాయంత్రం దాకా సాగదీస్తున్నారన్నమాట. ఆ మాటకి ఒక్కరూ ఎదురు చెప్పలేదు. వాదన వచ్చింది ఎవరుండాలన్న దగ్గరే.

"నేనుంటాను. నా పిల్ల చిన్నది," అంది మా అక్క.

"నువ్వుంటే ఇంకేం ఊడ్పు?" అంది ముఠా పెద్ద. "వరస లాగేది నువ్వు. నిన్ను అందుకోలేక మేం పరిగెడతాం. నువ్వు అరుగెక్కితే ఎకరం అయ్యేసరికి దీపాలెట్టాలి."

"దాన్ని కూచోబెడితే మనందరం కూచున్నట్టే వదినా," అంది ఇంకొకామె.

"పోనీ నేనుంటా," అంది మూడో ఆమె.

"నువ్వా? నీ పిల్లాడే నీ మాట వినడు. సాయంత్రానికి ఈ తొమ్మిది మందీ నిన్ను గుంజకి కట్టేత్తారు."

ఇలా ఒక్కొక్కరి పేరూ వచ్చింది, ఒక్కొక్కరి చెయ్యీ లెక్కకొచ్చింది. ఈవిడ నాట్లు ఒత్తుగా వేస్తుంది, పోకూడదు. ఆవిడ కట్టలు బాగా అందిస్తుంది, పోకూడదు. చివరికి చూపులన్నీ మూలన కూర్చున్న పెదమ్మ మీద ఆగాయి. పెదమ్మ అని అందరూ పిలిచే ఆవిడ ముఠాలో అందరికంటే పెద్దది. ఎడమ కాలికి బోదకాలు. బురదలో ఆ కాలు దిగబడితే పైకి లాగడానికి ఇంకొకళ్ళు చెయ్యి ఇవ్వాలి. ఆవిడ సగం పనే చేసినా అన్నేళ్ళుగా నిండు వాటా ఇస్తున్నారు. ఎవరూ ఎప్పుడూ దాన్ని నోటితో అనలేదు.

"పెదమ్మ ఉంటది," అంది ముఠా పెద్ద.

"అంటే నన్ను ముఠాలోంచి తీసేత్తన్నారా?"

"తీసెయ్యడమేంటే, ప్రమోషను! రేపట్నించి నువ్వు మధ్యాహ్నం టీచరమ్మవి."

"టీచరు గారికి కుర్చీ ఉంది. నాకో?"

"నీ కాలే నీకు పీట."

పెదమ్మ కూడా పళ్ళు లేని నోటితో నవ్వింది. అంతా సర్దుకుపోయినట్టే అనిపించింది. పెదమ్మకి బురద తప్పింది, ముఠాకి సగం చెయ్యి బరువు తప్పింది, పిల్లలకి మనిషి దొరికింది. ఇప్పుడు రాస్తుంటే అక్కడ జరిగింది ఒక్క వాక్యంలో చెప్పగలను. ఏ చెయ్యి లేకపోయినా చేలో నష్టం ఉండదో ఆ చెయ్యిని వెతికి పిల్లల మీద పెట్టారు. మా వైపు ఏ ముఠాని అడిగినా అలాగే చేసేది. ఊడ్పుల్లో మనిషిని కొలిచే కొలత అదొక్కటే.

మర్నాడు నేను అరుగుకి తడిక కట్టాను. వెదురు బద్దలు అల్లి, రెండున్నర అడుగుల ఎత్తు, బయటివైపు ఇనప కొక్కెం. మూడేళ్ళ పిల్ల ఎక్కలేదు, వంగి దూరలేదు. ముఠా పెద్ద వచ్చి కాలితో తన్ని చూసింది.

"బాగానే ఉంది ఇంజినీరు గారూ. ఇదెన్ని మార్కులకి?"

మా మేనకోడలు తడిక పట్టుకుని రెండు చేతులతో ఊపింది. దానికి అప్పటికి మూడేళ్ళు నిండలేదు. ఏప్రిల్‌లో కాలువలు కట్టేశాక రెండు నెలలు పేట పిల్లలందరికీ ఆటస్థలం ఎండిన కాలువే. ఇసక గూళ్ళు కట్టేవాళ్ళు, నత్తగుల్లలు ఏరేవాళ్ళు. దానికి బాగా నడక కుదిరి, పరుగు వచ్చి, పడకుండా దిగడం ఎక్కడం వచ్చింది అక్కడే. రేవు మెట్లు దిగితే ఇసక ఉంటుందన్నది దానికి తెలిసిన సంగతి. నీళ్ళొచ్చిన రోజు మా అక్క దాన్ని ఎత్తుకుని గట్టు మీద నిలబడితే అది ఎర్రటి నీళ్ళకేసి చూసి అడిగింది.

"ఇసకేదమ్మా?"

"నీళ్ళ కిందుంది. ఎండాకాలం మళ్ళీ వత్తది."

సెలవులు అయిపోయి నేను కాకినాడ వెళ్ళిపోయాను. ఊడ్పులు సగానికి వచ్చాయని, పెదమ్మ పిల్లలకి కథలు చెప్తోందని, టీచరు గారి కంటే పెదమ్మకే పిల్లలు భయపడుతున్నారని మా అమ్మ ఎవరిచేతో కార్డు రాయించింది. ఆ కార్డు అందిన వారానికే హాస్టల్ ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూతుకి ఫోనొచ్చింది. బూతు కుర్రాడు క్లాసు దాకా వచ్చి పిలిచాడు. మా ఊరి పోస్టుమాస్టరు గారు మాట్లాడారు. "ఇంటికి రా బాబూ. మీ అక్క పిల్ల," అని ఆగిపోయారు.

నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది. ఏం జరిగిందో ముగ్గుర్ని అడిగి వరస పెట్టుకున్నాను: మా అమ్మని, పెదమ్మని, ముఠా పెద్ద కూతుర్ని. ఆ పిల్లకి అయిదు నిండాయి, అరుగు మీద ఉన్నవాళ్ళలో అదే పెద్దది.

ఆ రోజు మండలం ఆఫీసు నుంచి రవ్వ బస్తాలు తెచ్చుకోవాలని టీచరు గారు మా అమ్మని తనతో తీసుకెళ్ళారు. మామూలు రోజుల్లో మా అమ్మ మధ్యాహ్నం రెండు మూడు సార్లు అరుగు దగ్గరకి వెళ్ళి చూసి వచ్చేది. ఆ రోజు లేదు. పిల్లలు తిని పడుకున్నారు. కాసేపటికి పెదమ్మకి గజ్జలో బిళ్ళ కట్టి చలి జ్వరం మొదలైంది. బోదకాలు ఉన్నవాళ్ళకి అలా వస్తుంది, వచ్చేముందు చెప్పి రాదు. పళ్ళు లేని దవడలు కొట్టుకుంటున్నాయి. ఉన్న ప్లాస్టిక్ చాపనే కప్పుకుంది. చాలలేదు. ముఠా పెద్ద కూతుర్ని లేపి, "మీ ఇంటికెళ్ళి దుప్పటి తేవే తల్లీ" అంది.

ఆ పిల్ల నూనె డబ్బా తెచ్చి తడిక పక్కన వేసుకుని ఎక్కి, వంగి కొక్కెం తీసింది. ఇంటికెళ్ళింది. దుప్పటి దండెం మీద తడిసి ఉంటే, పక్కింట్లో అడిగి పొడిది తెచ్చింది. పెదమ్మకి మెడ దాకా కప్పింది. తరవాత అప్పటిదాకా తెరిచే ఉన్న తడిక మూసి, మళ్ళీ డబ్బా ఎక్కి, కొక్కెం పెట్టింది.

"మర్చిపోకుండా పెట్టాను మావయ్యా," అని నాకు రెండుసార్లు చెప్పింది.

పెట్టింది. నాలుగింటికి మా అమ్మ వచ్చినప్పుడు కొక్కెం పెట్టే ఉంది. లోపల పెదమ్మ దుప్పటిలో మూలుగుతోంది. మా అమ్మ అలవాటుగా పిల్లల్ని లెక్కపెట్టింది. ఎనిమిది. మళ్ళీ లెక్కపెట్టింది. పెదమ్మ దుప్పటి ఎత్తి చూసింది, దాని కింద దూరిందేమోనని. రవ్వ బస్తా వెనక చూసింది. ఇంటికి పరిగెత్తింది. ఆ తరవాతే కాలువ వైపు చూసింది.

రేవుకి దిగువన, తూము దగ్గర గుర్రపుడెక్క పేరుకుని ఉంటుంది. దొరికింది అక్కడ.

మా అక్క అప్పుడు రెండు మైళ్ళ అవతల చేలో ఉంది. కబురు సైకిలు మీద వెళ్ళింది. సైకిలతను గట్టు మీద నిలబడి ముఠా పెద్దని ఒక్కదాన్నే దగ్గరికి పిలిచాడట. ముఠా పెద్ద కేకెయ్యలేదు. బురదలో నడుచుకుంటూ వరస చివరనుంచి మొదటి దాకా వెళ్ళి, మా అక్క చేతిలోంచి నారు కట్ట తీసుకుందట. "ఇంటికి పోదాం రాయే," అందట. మా అక్క నాకు చెప్పింది ఇంతవరకే. ట్రాక్టరు కోసం ఆగకుండా పద్నాలుగు మందిలో అక్కడున్న పదమూడు మందీ గట్లమీద పడి వచ్చారు. మిగిలిన అర ఎకరం మర్నాడు వేరే ముఠా ఊడ్చింది. తీసిన నారు ఆగదు కదా.

మా బావ తునిలో లారీ మీద క్లీనరు. రెండో రోజుకి వచ్చాడు. వాకిట్లో కూర్చుని ఒక్క మాటన్నాడు. "పిల్లని వదిలి పోవాల్సినంత పనేంటి ఆ చేలో?" మా అక్క ఇంట్లోంచి విన్నది. ఆ ముందు నెల ఇంటికి అతను ఏమీ పంపలేదన్న సంగతి మా అమ్మ నోటిదాకా వచ్చి ఆగింది. నేను చూశాను.

పెదమ్మ జ్వరం తగ్గకుండానే కాలు ఈడ్చుకుంటూ వచ్చింది. గుమ్మంలోనే కూలబడి, "నన్ను కొట్టవే, చెప్పుచ్చుకుని కొట్టు," అంది.

"నిన్నక్కడ పెట్టింది మేం కదా పెదమ్మా," అంది మా అక్క. "లే. జ్వరంతో నేల మీద కూచోకు."

సూపర్‌వైజరు మేడమ్ మూడో రోజు వచ్చారు. పరామర్శించారు. కళ్ళు తుడుచుకున్నారు కూడా, అది నటన అని నేను అనుకోను. కానీ మాట్లాడినంతసేపూ ఒక మాట తిరిగి తిరిగి వచ్చింది. "ఇది కేంద్రం వేళల్లో జరగలేదు." మా అమ్మతో అన్నారు, టీచరు గారితో అన్నారు, వెళ్తూ వెళ్తూ నాతోనూ అన్నారు, చదువుకున్నవాణ్ణి, నాకు అర్థమవుతుందని కాబోలు. ముఠా పెద్ద ఎదురెళ్ళింది.

"ఇప్పుడైనా అయిదింటి దాకా ఉంచుతారాండీ?"

"నేను రాస్తానమ్మా. నా చేతుల్లో ఏముంది?"

"రాయండి. జవాబొచ్చేలా రాయండి. మేం ఇంకా ఎంతమంది పిల్లల్ని పోగొట్టుకుంటే ఆ జవాబు వత్తాదో అదీ అడగండి."

మేడమ్ గారు పుస్తకం తీసి తేదీ రాసుకున్నారు. ఎవరూ నవ్వలేదు.

జవాబు వచ్చింది, కానీ వేరే విధంగా. కేంద్రం వేళలు కాని వేళల్లో అరుగుని వాడనిచ్చినందుకు మా అమ్మ సంజాయిషీ ఇచ్చుకోవాలన్నారు. ఇక మీదట ఒంటిగంటకి తాళం పడాలి, అరుగు మీద ఎవరినీ ఉంచకూడదు. తడిక తీసెయ్యాలి. మా అమ్మకి సంతకం పెట్టడం రాదు. సంజాయిషీ నేను రాశాను, ఆవిడ వేలిముద్ర వేసింది. తడిక కూడా నేనే విప్పాను. పొయ్యిలోకి పనికొస్తుందని పక్కింటావిడ అడిగితే ఇచ్చేశాను.

దీంతో ఊడ్పులు ఆగలేదు. ఆగవు. కర్మ అయిన మూడో రోజు తెల్లారుతుండగా ట్రాక్టరు మా ఇంటి ముందు ఆగింది. ట్రక్కులో ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. వాళ్ళ ఒళ్ళో, చంకల్లో పిల్లలున్నారు. కేంద్రానికి ఒంటిగంటకి తాళం పడుతుంది కాబట్టి చేలగట్లకే తీసుకుపోతున్నారు. వానలో, పురుగూ పుట్రలో, గొడుగు కింద కూర్చోబెడదామని. ముఠా పెద్ద కిందకి దిగింది.

"రాయే. ఇంట్లో ఒక్కదానివీ కూచుంటే పిచ్చెక్కుద్ది."

మా అక్క గుమ్మంలోంచి లేచి వచ్చింది. ట్రక్కు దగ్గర నిలబడి ఒక్కొక్క పిల్లకేసీ చూసింది. తను ఎక్కుతుందని అందరూ పక్కకి జరిగి చోటిచ్చారు.

"వీళ్ళని ఇక్కడ దింపి పొండి," అంది.

ఎవరూ కదల్లేదు. మనసు సరిగా లేని మనిషి చేతిలో పిల్లల్ని పెట్టొచ్చా అని వాళ్ళు ఆలోచించి ఉంటారు. ఆ అనుమానం న్యాయమే. నాకూ వచ్చింది. మొదట ముఠా పెద్ద తన కూతుర్ని చంకలోంచి దింపింది. ఆ పిల్ల మా అక్కని చూసి ఏడుపు అందుకుంది. మా అక్క దాని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. తరవాత మిగతావాళ్ళు ఒకరి వెనక ఒకరు దింపారు. పెదమ్మ ట్రక్కులోనే ఉండిపోయింది, మళ్ళీ బురదలోకి. వరస ఎవరు లాగుతారు, ఎకరం ఎప్పటికవుతుంది అన్న మాట ఆ పొద్దున ఎవరి నోటా రాలేదు.

ఆ సార్వాలో మా ముఠా చీకటి పడ్డాకే ఇల్లు చేరేది. రైతులు విసుక్కున్నారు. ఒకరిద్దరు వేరే ముఠాని మాట్లాడుకున్నారు. వాటాలు మాత్రం పద్నాలుగే వేశారు. మా అక్క తన వాటా వద్దనలేదు, చేతిలో పెడితే లెక్క చూసుకోలేదు. మళ్ళీ ఆవిడ చేలోకి దిగలేదు, ఆ ఏడూ దిగలేదు, తరవాతా దిగలేదు. నాలుగు ఊళ్ళకి తెలిసిన చెయ్యి అలా ఆగిపోయింది.

తరవాతి నెలలో రెండు రోజుల సెలవు దొరికి ఇంటికొచ్చాను. బస్సు దిగి పుంత మీద నడుస్తుంటే అంగన్‌వాడీకి తాళం వేసి ఉంది. కిటికీ ఊచల్లోంచి లోపల తూకం కనపడింది. మా ఇంటికొచ్చేసరికి గడపలో మా అక్క అడ్డంగా కూర్చుని ఉంది, వీపు ఒక ద్వారబంధానికి, పాదాలు రెండోదానికి ఆనించి. దాటి వెళ్ళాలంటే ఆవిడ లేవాలి. వేరే ముఠాల ఆడవాళ్ళు కూడా పిల్లల్ని తెచ్చి దింపుతున్నారని మా అమ్మ చెప్పింది. వాళ్ళు వాటా ఏమీ ఇవ్వరు, మా అక్క అడగదు.

"ఇక్కడో తడిక కట్టనా?" అన్నాను.

"వద్దు," అంది. నాకేసి తిరగలేదు. చూపు పిల్లల మీదే ఉంది. పెదవులు కదులుతున్నాయి. మూడో తరగతిలో చదువు ఆగినా లెక్కపెట్టడం వచ్చు ఆవిడకి. అయిపోగానే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడుతోంది.

నేను లోపలికి వెళ్ళలేదు. బయట అరటి చెట్టు కింద సంచీ పెట్టుకుని కూర్చున్నాను. మా ఇల్లు పది అడుగులకి పద్నాలుగు అడుగులు, ఒక గది, ఒక కిటికీ. మధ్యాహ్నం రెండింటికి ఆ గదిలో ఉన్న పిల్లలు పదిహేడు మంది.